తల్లి చేతుల మీదుగా

ఆ రోజుల్లో నేను జహీరాబాద్ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. వారమంతా పిల్లలకు కప్పలూ బొద్దింకలూ చెప్పి, శుక్రవారం సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్ పోయేదాన్ని. శని, ఆదివారాలు అక్కడి ప్రయోగశాలలో నా పీహెచ్‌డీ పని. డెబ్భైల చివర్లో మొదలుపెట్టిన ఆ పని ఎనభైల్లోకి కూడా దేకుతూనే వచ్చింది. ఇంకా ఎన్నాళ్లని స్టాఫ్‌రూములో ఎవరైనా అడిగితే, "చావబోయిన మనిషి బతకాలి, బతికాక బలం పుంజుకోవాలి, అప్పుడు గానీ నా పని కదలదు" అని చెప్పేదాన్ని. దాంతో రెండో ప్రశ్న వేసేవారు కాదు.

ఆ పరిశోధన ఏమిటో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ప్రాణం మీదికి వచ్చిన జబ్బు నుంచి బయటపడ్డవాళ్లలో కొందరు, జ్వరం పోయి ఆకలి పుట్టాక కూడా చెయ్యి ఎత్తలేరు, మెట్టు ఎక్కలేరు. డాక్టర్లు దానికి నీరసం అని పేరు పెట్టి ఇంటికి పంపేసేవారు. "నీరసం జబ్బు పేరు కాదమ్మా, మనకు తెలియదని ఒప్పుకోలేక పెట్టుకున్న పేరు" అనేవారు మా గైడు. కండరంలో ఒక్కో కణం తనకు కావలసిన శక్తిని తానే తయారు చేసుకుంటుంది. పెద్ద జబ్బులో ఆ తయారీ ఎక్కడో ఆగిపోతుంది. పొయ్యి నిండా కట్టెలున్నా అగ్గి రాజుకోనట్టు, మనిషి తింటాడు గాని బలం రాదు. అది ఎక్కడ ఆగుతోంది, తిరిగి ఎప్పుడు మొదలవుతోంది అన్నదే మా ప్రశ్న. అందుకోసం జబ్బు ముదిరి ఉన్నప్పుడు తొడ కండరంలోంచి బియ్యపు గింజంత ముక్క సూదితో తీసి, అక్కడికక్కడే గడ్డకట్టించి దాచేవాళ్లం. కోలుకున్నాక అదే మనిషి నుంచి ఇంకో ముక్క తీసి రెండింటినీ పోల్చి చూడాలి.

మొదటి ముక్కలకు కొదవ లేదు. రెండో ముక్క ఇవ్వడానికే మనుషులు మిగిలేవారు కాదు. ఫ్రీజర్‌లో గాజు గొట్టాల మీద నంబర్లే ఉండేవి గాని, ఏ నంబరు ఎవరిదో నాకు ఎరుకే. ఒకరు ధనుర్వాతంతో వచ్చిన మేస్త్రీ, ఒకరు పేగు పగిలిన ముసలాయన, అలా. ఆదివారాలు వాచ్‌మన్ తాళం తీసి తన దారిన తాను పోయేవాడు. అంత పెద్ద భవనంలో నేనూ, ఆ గొట్టాలూ. మాట్లాడటానికి మనిషి లేక వాటిని పలకరించిన రోజులున్నాయి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

జహీరాబాద్‌లో నా గది హైవే పక్కన, టైర్ల దుకాణం మీద. బొంబాయి లారీలు పోతుంటే కిటికీ అద్దాలు గజగజలాడేవి. ఒక్క మనిషికి అన్నం వండుకోవడం ఎంత తలనొప్పో ఒంటరిగా బతికినవాళ్లకే తెలుస్తుంది. కొంచెం పోస్తే మాడుతుంది, ఇంకొంచెం పోస్తే మిగులుతుంది. పండగ వస్తే తోటి లెక్చరర్లు మొహమాటానికి పిలిచేవారు, నేను మొహమాటానికి రానని చెప్పేదాన్ని. ఊరి బయట చిన్న లారీల ఫ్యాక్టరీ వస్తోందని, ఇంజనీర్లు దిగుతారని, అందులో ఒకడు నాకు రాసిపెట్టి ఉన్నాడని వాళ్లు వేళాకోళం చేసేవారు. ఫ్యాక్టరీ వచ్చింది. అప్పటికి నాకు ముప్ఫై దాటి చాలా రోజులైంది.

ఆ సమయంలోనే హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఒక మనిషి బతికి ఇంటికి వెళ్లిందని కబురు తెలిసింది. కాన్పు తరవాత విషజ్వరం వచ్చి, ఒళ్లంతా చీము పట్టి, వారాల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్న మనిషి. ఆమె మొదటి ముక్క మా ఫ్రీజర్‌లో ఉంది. చిరునామా చూస్తే జహీరాబాద్. నేను సబ్బులూ అగ్గిపెట్టెలూ కొనుక్కునే కిరాణా దుకాణం వాళ్ల పెద్ద కోడలే. ఆ దుకాణానికి అన్ని సార్లు వెళ్లాను గాని లోపల ఒక ఇల్లు ఉందని, అందులో ఆడవాళ్లు ఉంటారని ఎన్నడూ ఆలోచించలేదు.

దుకాణం పక్క సందులోంచి, మొగుడంపల్లి నుంచి దిగిన అల్లం బస్తాల ఘాటు దాటుకుని లోపలికి వెళ్లాలి. వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై మూడో, నాలుగో ఏళ్ల మనిషి. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి. నేనెవరో చెప్పగానే మొదట అడిగిన మాట ఇది.

"తొడ మీద గీ మచ్చ ఏందక్కా? కాన్పు చేసేటోళ్లు తొడ ఎందుకు కోసిన్రు?"

నేను సంగతంతా చెప్పాను. ఆమెకు స్పృహ లేదని, ఆమె భర్త ఒప్పుకున్నాడని, ముక్క చాలా చిన్నదని. ఆమె చీర మీదనుంచే ఆ మచ్చను తడుముకుంది.

"అయితే నా ముక్క ఇంక మీ కాడనే ఉన్నదా?"

"ఉంది. హైదరాబాద్‌లో, మంచులో."

"మంచిగ సూసుకోండ్రి. అదన్న జర సల్లగుండనీ," అని నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

అప్పుడు పక్క గదిలోంచి ఆమె యారాలు, అంటే మరిది భార్య, పసిపిల్లను చంకనేసుకుని వచ్చింది. ఇంకో పక్కన ఆమె కొడుకు, ఏడాది దాటినవాడు, కొంగు పట్టుకుని వేలాడుతున్నాడు. చంకలో ఉన్నది తన బిడ్డ కాదు, ఈమె బిడ్డ. తల్లి ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్లూ యారాలే ఇద్దరికీ పాలిచ్చింది. గలగలా మాట్లాడే మనిషి, నా యాస విని, "మీరు పుస్తకం సదివినట్టు మాట్లాడ్తరు గదక్కా" అని మొదటి రోజే ఆట పట్టించింది. మాట్లాడుతూనే పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటోంది. తల్లి చూపు ఆ పిల్ల ఎటు మారితే అటు పోతోంది. తను మాత్రం బిడ్డను ఎత్తుకోలేదు. ఒళ్లో పడుకోబెడితే జారిపోకుండా పట్టుకోవడానికి కూడా ఆ చేతుల్లో సత్తువ లేదు.

ఆ రోజునుంచి వారంలో రెండు మూడు సాయంత్రాలు నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. నా సంచిలో పిడికిలి బలం కొలిచే స్ప్రింగు పరికరం ఉండేది. ఆమె దాన్ని పిసికితే ముల్లు కొంచెం కదిలి ఆగిపోయేది. కొలవడం అయిపోయాక కూడా కూర్చునేదాన్ని. అది పరిశోధన కోసం కాదు. ఆ ఇంట్లో చాయ్ గ్లాసు చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు, అందుకు. ఆమెకూ వేరే ఎవరూ లేరు. "నేను సస్తనన్నప్పుడు ఊరంత దవాఖానకు వచ్చిన్రట. బతికొచ్చినంక ఎవ్వలు రాలే," అంది ఒకసారి. బాగైపోయావు కదా అని అందరూ తీర్మానించేశారు. మంచినీళ్ల చెంబు ఎత్తలేని మనిషితో బాగైపోయావు అంటే ఆ మనిషి ఇంకేం మాట్లాడుతుంది?

ఇక మొక్కు సంగతి. కోడలు ఆసుపత్రిలో ఉండగా అత్తగారు గుట్ట మీది దేవుడికి మొక్కుకుంది. కోడలు బతికొస్తే బిడ్డను తరాజులో పెట్టి, బిడ్డ ఎత్తు బెల్లం తూచి పంచుతానని. తరాజంటే తక్కెడ. అంతవరకు బాగానే ఉంది. కానీ భయంలో ఉన్న ఆవిడ మొక్కును గట్టి చెయ్యడానికి ఇంకో మాట చేర్చింది. తల్లే తన చేతుల మీదుగా బిడ్డను తరాజులో పెడుతుందని. పైగా ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మొక్కు ఉన్న పిల్లను మొక్కు తీరేదాకా ఎక్కడా తూచకూడదు. దుకాణం నిండా తరాజులున్న ఇంట్లో పిల్ల బరువెంతో ఎవరికీ తెలియదు.

"ఇంకొకరు పట్టుకుంటే ఆమె చెయ్యి వేస్తే సరిపోదా అమ్మా?" అని నేనే అడిగాను.

అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. "దేవుని కాడ ఒక మాట జెప్పి, ఇప్పుడు ఇంకో మాట జెప్తమా టీచరమ్మా? జర ఆగుదం. కోడలికి బలం రానీ."

ఆగారు. కోడలి మీద ప్రేమతోనే ఆగారు. పంటల పని అయ్యాక అన్నారు, తరవాత శ్రావణం అన్నారు, దసరా అన్నారు. తొందరపెట్టి ఆమెను చిన్నబుచ్చడం ఎవరికీ ఇష్టం లేదు. ఇంతలో యారాలి పాలు తాగి పిల్ల గుమ్మడికాయలా తయారవుతోంది. తల్లి చేతుల్లోకి బలం చెంచాలతో వస్తుంటే, పిల్ల ఒంట్లోకి బరువు గిన్నెలతో పోతోంది. నాకు సహనం తక్కువ. ఒకరోజు ఉండబట్టలేక, "మీరు ఆగేకొద్దీ పిల్ల బరువెక్కుతుంది కదమ్మా, ఆమెకు ఇంకా కష్టం కాదా?" అనేశాను.

"ఎక్కనీ. బెల్లం ఎక్కువైతే దేవునికి కోపమొస్తదా?" అంది అత్తగారు.

నా గైడుకు ఈ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. రెండో ముక్క ఎప్పుడు తీయాలన్నది అప్పటికీ మాకు తేలని ప్రశ్న. కోలుకోవడం అంటే ఏమిటి? జ్వరం పోవడమా, నడవడమా? "మనిషి తన పని తాను చేసుకున్న రోజు అని పెట్టుకుందాం. ఆమె పని ఏమిటో ఆమెనే అడుగు," అన్నారు. అడిగాను. ఆమె నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నా బిడ్డను ఎత్తుకునుడు. ఇంకేం పని ఉంటదక్కా?" అంది. అలా నా పీహెచ్‌డీ, అత్తగారి మొక్కు, ఆమె కోరిక, మూడూ ఆ పిల్ల నడుం దగ్గర ముడిపడ్డాయి.

సాధన మొదలుపెట్టాం. భర్త దుకాణంలోంచి ఇనప తూకం రాళ్లు తెచ్చి ఇచ్చేవాడు. పొద్దున వాటితో పప్పులు తూచి, సాయంత్రం బేరం తగ్గాక మాకు పంపేవాడు. వాటిని గుడ్డసంచిలో వేసి ఆమె రెండు చేతులతో ఎత్తాలి. మొదట కిలో రాయికే చేతులు వణికేవి. చెమటలు పట్టి గోడకు చేరగిలపడి, "కిలో శక్కర గూడ ఎత్తలేని నేను శెట్టి పెండ్లామేంది?" అనేది. తరవాత రెండు కిలోలు. వానాకాలం గడిచేసరికి ఐదు. పిడికిలి పరికరంలో ముల్లు కూడా ముందుకు జరుగుతోంది. నేను ఆ అంకెలు రాసుకుంటూ, నాకెవరో బహుమతి ఇస్తున్నట్టు సంబరపడేదాన్ని. శుక్రవారం బస్సులో హైదరాబాద్ పోతూ ఈసారి ఎంత ఎత్తుతుందో అనుకునేదాన్ని. అంతకు ముందు ఆ బస్సులో నేను ఎదురుచూసింది ఏదీ లేదు.

కానీ పిల్ల బరువెంతో తెలియాలి కదా. తూచడానికి వీల్లేదు. అందుకని ఒకరోజు చేతులతో అంచనా వేద్దామని యారాలి దగ్గరినుంచి పిల్లను తీసుకున్నాను. నా చేతుల్లోకి రాగానే అది వెనక్కి వాలి, కాళ్లు వేలాడేసి, తలకాయ యారాలి వైపు తిప్పింది. తడిసిన బస్తా ఎత్తుకున్నట్టుంది. నాలుగడుగులు వేసేసరికి నా భుజాలు పడిపోయాయి. ఏ జబ్బూ చెయ్యని భుజాలు. ఇచ్చేశాను. యారాలి చంకలోకి పోగానే పిల్ల కాళ్లు ఆమె నడుంకు పెనవేసింది, ఒక చెయ్యి మెడ చుట్టూ వేసింది, ఇంకో చేత్తో జాకెట్టు పట్టుకుంది. యారాలు ఒంటిచేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పొయ్యి మీద పాలు దించింది.

అప్పుడు నాకు తట్టింది. ఎత్తుకున్న మనిషి బరువంతా మోయదు. సగం పిల్లే మోసుకుంటుంది. తన మనిషి అనుకున్నవాళ్లను కరుచుకుని, తన బరువు తానే తేలిక చేసుకుంటుంది. కొత్తవాళ్లకు మాత్రం మొత్తం బరువూ అప్పజెప్పేస్తుంది. ఆ సాయంత్రం గదికి వచ్చి చాలాసేపు వంట చేసుకోలేదు. నన్నెవరూ అలా కరుచుకోలేదు, నేనూ ఎవరినీ కరుచుకోలేదు అని ఏడుపొచ్చింది. ముప్ఫై దాటిన లెక్చరరమ్మ ఏడుపది, చూడటానికి ఎవరూ లేరు గనక సిగ్గు కూడా పడలేదు.

దసరా దాటాక ఆమె ఎనిమిది కిలోల రాళ్ల సంచి ఎత్తి కాసేపు నిలబడింది. భర్త దుకాణం వదిలి లోపలికి వచ్చి చూసి మురిసిపోయాడు. అత్తగారు వెంటనే, "ఇగ బిడ్డను ఎత్తు సూద్దాం" అంది. యారాలు పిల్లను తెచ్చి నేల మీద నిలబెట్టింది. తల్లి వంగి పిల్ల చంకల కింద చేతులు వేసి పైకి లేపింది. లేచింది. అంతలో పిల్ల విల్లులా వెనక్కి వంగి, కాళ్లు తన్ని, యారాలి వైపు చేతులు చాచి కెవ్వుమంది. ఆమె తూలిపోయింది. యారాలు ఒక్క ఉరుకులో వచ్చి ఇద్దరినీ పట్టుకుంది. పిల్ల యారాలి మెడ కరుచుకుని వెక్కిళ్లు పెడుతోంది.

అందరూ ఎవరి పనికి వాళ్లు పోయారు. తల్లి నేల మీద కూర్చుని చేతులు ముందు పెట్టుకుని వాటినే చూస్తోంది.

"ఇనుము నా మాట ఇన్నది. కడుపుల పుట్టింది ఇనలే," అంది.

నేను లేచాను. పెరటి వైపు వెళ్తే యారాలు బట్టలు పిండుతోంది. పిల్ల ఆమె వీపు మీద పడి కొప్పు పీకుతోంది. యారాలు తల తిప్పకుండానే అడిగింది.

"నిజం జెప్పుండ్రక్కా. అక్కకు బలం రాలేదా?"

"వచ్చింది. కావలసినంత వచ్చింది."

"మరి ఎందుకు ఎత్తలేకపోయింది?"

చెప్పాను. పిల్ల తనను తాను మోసుకునే సంగతి, సగం బరువు సంగతి. ఆమె పిండుతున్న చీర అలాగే పట్టుకుని విన్నది.

"అంటే నేను ఈడున్నన్ని దినాలు అది అక్క దగ్గరికి పోదు," అంది చివరికి.

"నేను అలా అనలేదు."

"మీరు అనలే. నేనంటున్న." చీర దులిపి తీగ మీద వేసింది. "నేను తల్లిగారింటికి పోత. ఎవ్వలకు జెప్పకుండ్రి. అక్కకు తెలిస్తే పోనియ్యది."

ఆమె పుట్టిల్లు బీదర్ దిక్కున. అమ్మకు పాణం బాగలేదని కబురొచ్చిందని ఇంట్లో చెప్పింది. కొడుకును చంకనేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని, పిల్ల నిద్రపోతున్న సమయం చూసి బయల్దేరింది. సందు చివరిదాకా నేనూ వెళ్లాను. వెనక్కి తిరిగి చూడలేదు. "దానికి పాలల్ల శక్కర ఎక్కువెయ్యొద్దని అక్కకు జెప్పుండ్రి, కడుపునొస్తది," అని మాత్రం అంది. అత్తగారు ఆ రోజంతా సణుగుతూనే ఉంది. "మొక్కు దగ్గర పడ్డంక పోవుడేంది? యారాండ్లకు పడ్తలేదా ఏంది?" అని నన్నే అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ ఇంట్లో నిజం తెలిసింది నాకొక్కదానికే, దాన్ని ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

తరవాతి రోజులు తలుచుకోవడం ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు. పిల్ల గడప దగ్గర కూర్చుని సందు వైపు చూసేది. పాలు పడితే ఉమ్మేసేది. యారాలి పాత చీర ఒకటి దండెం మీద ఉంటే దాని కిందికి పాకి వెళ్లి ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. తల్లి ఎత్తుకోబోలేదు. పక్కన కూర్చునేది, అంతే. పిల్ల నిద్రపోతే పక్కన పడుకునేది, లేస్తే గిన్నెలో పాలూ చెంచా పట్టుకుని కూర్చునేది. "నేను గూడ దవాఖానల గిట్లనే తలుపు దిక్కు సూసిన. దాని బాధ నాకు తెలుసు," అంది. నేను పరికరం సంచిలోంచి తీయనే లేదు. పిడికిలి కొలిచే పరిస్థితి కాదది.

ఒకనాటి సాయంత్రం నేను వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. పిల్ల పాకుతూ వచ్చి, ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడి, తూలుతూ తూలుతూ ఆమె పొట్ట మీదికి ఎక్కింది. ఎక్కి, మెడ దగ్గర తల పెట్టింది. తల్లి ఊపిరి బిగబట్టింది. నా వైపు కళ్లతోనే, కదలకుండ్రి అన్నట్టు సైగ చేసింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ తరవాత వారం పది రోజుల్లో ఆమె పిల్లను చంకలో పెట్టుకుని సందు చివరిదాకా వెళ్లి వచ్చింది. పిల్ల కాళ్లు ఆమె నడుంకు పెనవేసుకుని ఉన్నాయి.

పరిశోధన సంగతి ఇక్కడే ముగించేస్తాను. ఆమె రెండో ముక్క ఇచ్చింది. మొక్కు తీరాక హైదరాబాద్ వచ్చి, "ఇంద, తీసుకోండ్రి, మొదటిదానికి తోడుంటది" అని తొడ చూపింది. కణాల్లో శక్తి తయారీ చాలామటుకు తిరిగి మొదలైందని తేలింది. నా థీసిస్ పుస్తకంలో అదొక పట్టిక అయింది. కోలుకోవడానికి పట్టిన కాలం అని ఒక గడి ఉంది, ఆమె పిల్లను ఎత్తుకున్న రోజు లెక్కగట్టి అందులో రాశాను. యారాలి సంగతి రాయడానికి అందులో గడి లేదు. పరీక్షకులు పట్టిక బాగుందన్నారు. పీహెచ్‌డీ వచ్చిందని స్టాఫ్‌రూములో దూద్‌పేడాలు పంచి, గదికి వచ్చి ఒక్కదానికే అన్నం వండుకున్నాను.

ఇక మొక్కు రోజు. గుట్ట మీద గుడి ముందు చింతకొమ్మకు పెద్ద తరాజు కట్టారు. ఒక పళ్లెంలో కొత్త చీర పరిచారు. చిరాగ్‌పల్లి నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో చుట్టాలు వచ్చారు. డప్పులు మోగుతున్నాయి. అందరికంటే చివర, బీదర్ బస్సు దిగి నేరుగా గుట్టకు యారాలు వచ్చింది. కొడుకు చేతిలో ఉన్నాడు. కాస్త చిక్కింది. అత్తగారు ఆమెను చూసి ముఖం ముడుచుకున్నా, పని మాత్రం అప్పజెప్పింది. బెల్లం ముద్దలు రెండో పళ్లెంలో పెట్టే పని. యారాలు కొడుకును ఎవరికో ఇచ్చి, కొంగు బిగించి తరాజు ముందు నిలబడింది.

తల్లి పిల్లను చంకనేసుకుని వచ్చింది. డప్పులు ఆగాయి. రెండు చేతులా పిల్లను పైకెత్తి, చేతులు వణక్కుండా, పళ్లెంలో కూర్చోబెట్టింది. అత్తగారు కళ్లు ఒత్తుకుంది. భర్త అటు తిరిగి నిలబడ్డాడు. నాకైతే కేక పెట్టాలనిపించింది, పెట్టానో లేదో గుర్తు లేదు. యారాలు ఒక్కొక్క ముద్ద పెడుతోంది. చివరి ముద్దతో తరాజు సరితూగి, పళ్లెం పైకి లేచేసరికి పిల్ల భయపడి పెదవి విరిచింది. సరిగ్గా ఎదురుగా యారాలు. ఆమె బెల్లం అంటిన చేతులు ముందుకు చాచి, నాలుకతో టొక్కుటొక్కుమని చప్పుడు చేసింది. ఆ పిల్లను నిద్రలేపేటప్పుడు రోజూ చేసే చప్పుడే.

పిల్ల ఆమెను చూసింది. కొత్త మనిషిని చూసినట్టు చూసి, ముఖం తిప్పుకుని, ఏడుస్తూ తల్లి వైపు రెండు చేతులూ చాచింది. తల్లి ఎత్తుకుంది. పిల్ల ఆమె మెడలో ముఖం దాచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు, డప్పులు మళ్లీ మొదలయ్యాయి. తల్లి నవ్వుతూ, ఏడుస్తూ, ఒక్క క్షణం యారాలి వైపు చూసింది. అప్పుడు ఆమెకు అంతా అర్థమైందనే నేననుకుంటున్నాను.

పిల్ల తండ్రి ఆ బెల్లాన్ని రాళ్లతో తూచి బరువు గట్టిగా చెప్పాడు. జనం కేరింతలు కొట్టి పంచే చోటికి తోసుకుంటూ పోయారు. యారాలు పక్కనున్న కుండలో చేతులు కడుక్కుంటోంది. ఎంతసేపటికీ కడుగుతూనే ఉంది. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వేశాను. ఆ చప్పుడులో ఆమెకు బావ చెప్పిన బరువు వినపడినట్టు లేదు.

"ఎంత తూగిందక్కా?" అని అడిగింది.

ఎనిమిదిన్నర కిలోలని చెప్పాను.

"గంతనా!" అంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "పుట్టినకాన్నుంచి మోసిన. నాకెన్నడు బరువు తెల్వలే."